వారానికి ఏడు వారాంతాలు

14వ వారం, సోమవారం

ఈ లాగ్‌లో అంకెలు తప్ప ఇంకేమీ రాయకూడదని రూలు. ఇరవై రెండేళ్ళు ఆ రూలు పాటించాను. ఇక ఓపిక లేదు. ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటాను.

పొద్దున్నే రెండు లెక్కలు తీశాను. నిన్న సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా 'పలకరింపు'ని ఆ గంటలోనే చూసిన ఇళ్ళు 318. దానికి ముందు ఆదివారం కార్యక్రమానికి ఏడు రోజులూ నిండాయి, కాబట్టి ఆ లెక్క మూసేశాను: 4,106. అంటే మన పైరేవు ఊళ్ళో సగానికి సగం ఇళ్ళు చూస్తున్నాయి. చూడ్డం మానలేదు ఎవరూ. తీరిక దొరికినప్పుడు చూస్తున్నారు, అంతే.

వాళ్ళను మాత్రం ఏమనగలం? ఉన్న కరెంటు, ఉన్న మంచినీళ్ళు అందరికీ ఒకే రోజు చాలవని ఊరిని ఏడు బ్యాచ్‌లు చేసి పద్నాలుగేళ్ళయింది. ఒక్కొక్క బ్యాచ్‌కి ఒక్కొక్క రోజు సెలవు. వారానికి ఏడు వారాంతాలు. ఆ ఏడింటికీ ఏ రోజు ఏం వేయాలో పట్టిక గీసేది నేనే. సోమవారం వాళ్ళకి సినిమా వేస్తే గురువారం వాళ్ళు మాకేదని పోట్లాటకొస్తారు. వేసిన సినిమా ఎవరూ ఆ టైముకి చూడరు. అయినా పట్టికలో ఉండాలి.

అందరూ ఒకే గంటలో చూడాల్సింది ఒక్క 'పలకరింపు' మాత్రమే. సముద్రం అడుగున లోహం తీసే స్టేషనులో నలభై మంది ఉన్నారు. దాన్ని ఊళ్ళో 'అడుగు' అంటారు. అడుగుకీ ఊరికీ మధ్య ఉన్నది ఒకే ఒక్క తీగ. వారమంతా అది యంత్రాలకి. ఆదివారం ఆ ఒక్క గంట మనుషులకి. వాళ్ళ బొమ్మ, మాట పైకి వస్తాయి. ఇంటివాళ్ళు ఫోన్ చేస్తే ఆ మాట కిందికి వెళుతుంది. కింద గోడ మీద ఒక లైటు పలక ఉంటుంది, ఆ క్షణంలో ఎన్ని ఇళ్ళు చూస్తున్నాయో అందులో కనిపిస్తుంది. ఆ అంకె నా గదిలోంచే వెళుతుంది.

ఆ అంకె వరసగా నాలుగు ఆదివారాలు ఐదు వందలకి తగ్గితే ఆ గంట కూడా యంత్రాలకే ఇచ్చేస్తామని పట్టణ సంఘం తీర్మానం చేసింది. నిన్నటితో మూడు ఆదివారాలు అయ్యాయి.

14వ వారం, గురువారం

ఐస్ ప్లాంటులో పనిచేసే పైడమ్మ వచ్చింది. డ్యూటీకి వెళుతూ దారిలో ఆగింది. వాళ్ళాయన తవిటినాయుడు అడుగులో రెండో దఫా చేస్తున్నాడు. దఫా అంటే రెండేళ్ళు. అది ఇంకో ఏడు వారాల్లో అయిపోతుంది.

"అమ్మా, ఆ పోగ్రాము బుధవారానికి మార్చీడానికి అవ్వదా?" అంది. ఆవిడది బుధవారం బ్యాచ్.

"నీకు బుధవారం, ఇంకొకరికి శుక్రవారం. ఏడుగురూ ఏడు అడుగుతారు పైడమ్మా. నన్నేం చెయ్యమంటావు?"

"అది నిజిమేలే. నాను బుధవారం సూస్తన్నాను గదా, ఆడు మాటాడతంటే మద్దిలో ఆపీసి నా మాట నాను సెప్తాను. మల్లీ ఏస్తాను. ఆడికి ఇనబడదు, నాకు తెల్సు. అయినా సెప్తాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "ఈ నెల్లో ఆడు అడిగీస్తాడేమోనని బయ్యంగా ఉంటంది."

అడగడం అంటే ఇక్కడ ఒక పద్ధతి. ఇంకో దఫా ఉండదలుచుకున్నవాడు 'పలకరింపు'లో అందరి ముందూ ఇంటివాళ్ళని మూడుసార్లు అడగాలి. ఆ గంట పూర్తయ్యేలోగా ఇంటి నుంచి ఫోన్ వచ్చి వద్దంటే కాయితం చించేస్తారు. ఫోన్ రాకపోతే ఒప్పుకున్నట్టే, అక్కడే సంతకం. ఊరంతా ఒకే సెలవుతో ఉన్న రోజుల్లో పెట్టుకున్న పద్ధతి ఇది. తర్వాత బ్యాచ్‌లు వచ్చాయి, పద్ధతి అలాగే ఉంది. దాన్ని మార్చాలని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

"ఆదివారం ఆ గంట ఎలాగైనా ఫోన్ దగ్గర ఉండు" అన్నాను.

"ఫోను గేటుకాడ ఎట్టీయాలమ్మా. ఆరింటికి నా సేతులు ఐసులో ఉంటాయి. బేచీ మార్చమని ఆరు నెల్ల కిందట రాసిచ్చినాను. ఉలుకూ నేదు, పలుకూ నేదు."

తర్వాత ఆవిడ డ్యూటీకి వెళ్ళింది. మూడో దఫా చేసి పైకొచ్చినవాళ్ళు పది మెట్లెక్కితే చాలు, ఊపిరందక గోడ పట్టుకుని నిలబడిపోతారు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎవరమూ అనలేదు.

14వ వారం, శనివారం

చేశాను. ఎందుకు చేశానో కూడా రాస్తాను.

పోయిన ఆదివారం లైటులో 318 చూసి, కింద ఒకతను పాట పాడుతూ మధ్యలో ఆపేశాడు. "ఎవురికోసం పాడాల" అని కూర్చుండిపోయాడు. వారం నుంచి ఆ మొహం నన్ను వదలడం లేదు. రేపు కూడా మూడు వందలే వస్తే ఆ గంట పోతుంది.

మా కార్యక్రమాల అధికారి నరహరి గారి దగ్గరకు వెళ్ళాను. "ఈ గంట లెక్క బదులు మొన్న మూసిన ఏడు రోజుల లెక్క పంపిస్తే ఎలా ఉంటుందండీ?" అన్నాను. ఒక్క మీట తిప్పితే చాలు. అయితే సంఘానికీ కిందికీ వెళ్ళేది ఒకే అంకె. లైటులో మారితే వాళ్ళ కాయితంలోనూ మారుతుంది.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అందులో అబద్ధం ఏముందండీ వకుళ గారూ? చూసినవాళ్ళే కదా. ఆదివారం చూస్తే ఒకటీ, బుధవారం చూస్తే ఒకటీనా? మన రూల్స్ పుస్తకంలోనే ఉందిగా, ఏడు రోజుల్లోపు చూస్తే ఆ గంటలో చూసినట్టే లెక్క అని."

"రాసి ఇవ్వండి మరి."

"రాయడం ఎందుకులెండి" అన్నారు.

ఆయన సంగతి నాకు తెలియనిది కాదు. అయినా మీట తిప్పాను.

14వ వారం, ఆదివారం

లైటులో 4,106 వెలిగింది. కింద నలభై మందీ కుర్చీల్లోంచి లేచి నిలబడ్డారు. ఒకడు పలక మీద చెయ్యి పెట్టి చూశాడు. పోయినవారం పాట ఆపినతను మొత్తం పాడాడు, ఆ పైన ఇంకో రెండు పాడాడు. తవిటినాయుడు అరచేతులు జోడించి, "ఊరోళ్ళందరికీ దండాలు" అన్నాడు.

నిజం లెక్క నా ముందున్న తెరలో ఉంది: 274. దాని మీద ఒక తువ్వాలు కప్పాను. నాకూ సంతోషం వేసింది. అది దాచను.

17వ వారం, శనివారం

మూడు వారాలుగా రాయలేదు. పట్టిక గొడవతో తల ప్రాణం తోకకొచ్చింది. శుక్రవారం బ్యాచ్‌కి వంటల కార్యక్రమం, శనివారం బ్యాచ్‌కి కుస్తీలు. ఇద్దరూ ఒకరిది ఒకరు మంగళవారం చూసుకుంటున్నారు. నేను గీసిన గీతకీ వాళ్ళు చూసే రోజుకీ సంబంధమే లేదు. అయినా గీతలు గీస్తూనే ఉన్నాను.

తిప్పిన మీట అలాగే ఉంది. వెనక్కి తిప్పుదామని ప్రతి శనివారం అనుకుంటాను. ఆ నలభై మొహాలు గుర్తొస్తాయి, మళ్ళీ చెయ్యి రాదు. రేపు వెళ్ళేది 4,263.

17వ వారం, ఆదివారం

జరిగింది వరసగా రాస్తాను.

ఆరూ ఇరవైకి తవిటినాయుడు ముందుకొచ్చి కూర్చున్నాడు. తల నున్నగా దువ్వుకున్నాడు. చేతిలో కాయితం.

"పైడీ, నాను మూడో దఫా ఉండిపోదామనుకుంటన్నాను. ఉంటే గట్టు మీద, మట్టి నేల మీద ఇల్లిస్తారంట. నువ్వోపాలి అన్నావు గదా, ఈ నీల్ల మద్ది కర్రల మీద ఇల్లు కాదు, మట్టి తొక్కాలనుంది అని. వద్దంటే వద్దను. ఒకటోసారి అడుగుతన్నాను." అని లైటు వైపు చూసి నవ్వాడు. "నాలుగువేల ఇల్లు సూస్తన్నాయంటే పనికాడ గూడా టీవీలు ఎట్టీసినట్టున్నారు. నువ్వూ సూస్తన్నావులే, నాకు తెల్సు."

పనికాడ టీవీలు ఎవరూ పెట్టలేదు. ఆ మాట అతని నోట రప్పించింది నా అంకె.

ఐస్ ప్లాంటుకి ఫోన్ చేశాను. గేటువాడు ఎత్తి మేనేజరుకి ఇచ్చాడు. పైడమ్మని ఒక్క నిమిషం ఫోన్ దగ్గరికి పంపండి, వాళ్ళాయన మూడో దఫా అడుగుతున్నాడు అన్నాను.

"ఐసు లైను మీద పనిలో ఉందండీ, మధ్యలో లేపితే ఐసంతా పోతుంది" అన్నాడతను. గొంతులో కోపం లేదు, కంగారూ లేదు. "అయినా ఆవిడ బుధవారం చూసుకుంటుంది కదండీ. తొందరేముంది?"

నేను అరిచాను. అతను పెట్టేశాడు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఐస్ ప్లాంటు ఊరికి ఆ చివర, పరుగెత్తినా ముప్పావు గంట.

ఆరూ నలభైకి రెండోసారి అడిగాడు. ఈసారి నవ్వలేదు. గోడ మీది ఫోన్‌నే చూస్తూ అడిగాడు.

కిందికి నా గొంతు పోదు. ముందే నంబరు రాసి ఇచ్చిన ఇంటివాళ్ళ ఫోన్లు తప్ప ఇంకేవీ ఆ తీగలోకి వెళ్ళవు. నా చేతిలోంచి కిందికి వెళ్ళేది ఒక్క అంకె మాత్రమే. అసలు అంకె చూస్తేనన్నా, పైడి చూడడం లేదని గ్రహించి ఆగుతాడనుకున్నాను. ఆరూ నలభై ఎనిమిదికి మీట వెనక్కి తిప్పాను.

4,263 పోయి 187 వచ్చింది.

తవిటినాయుడు చాలాసేపు ఆ పలకనే చూశాడు. నేను అనుకున్నది అతనికి తట్టలేదు. వేరేది తట్టింది.

"ఎల్లిపోనారు" అన్నాడు పక్కవాడితో. "నా ఇంటి గోల ఆళ్ళకేటి పట్టింది. ఎల్లిపోనారు." తర్వాత కెమెరా వైపు తిరిగి, "పైడీ, నువ్వు ఉన్నావులే. మూడోసారి అడుగుతన్నాను" అన్నాడు.

ఏడు కొట్టేదాకా కూర్చున్నాడు. ఫోన్ మోగలేదు. కాయితం మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాడు. ఆ వెంటనే తీగ యంత్రాలకి వెళ్ళిపోయింది.

18వ వారం, బుధవారం

ఎవరో ఒకరు ముందే చెప్పేస్తారేమోనని సెలవు పెట్టి పొద్దున్నే పైడమ్మ ఇంటికి వెళ్ళాను. ఎవరూ చెప్పలేదు. ఊళ్ళో ఒకళ్ళు చూసింది ఇంకొకళ్ళకి ముందే చెప్పడం పెద్ద తప్పు కింద లెక్క. చూడనివాళ్ళు ఎదురైతే నోరు కట్టేసుకుంటారు. మూడు రోజులు ప్లాంటులో అందరూ ఆవిడ ముందు నోరు కట్టేసుకునే ఉన్నారు.

నేను గుమ్మంలోనే చెప్పేశాను. అడిగాడు, నువ్వు రాలేదు, సంతకం పెట్టేశాడు, లైటులో తప్పు అంకె పంపింది నేనే అని. ఆవిడ ఏడవలేదు, నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఏస్తాను, కూకో" అంది.

ఇద్దరం చాప మీద కూర్చున్నాం. మొదటిసారి అడిగినప్పుడు ఆపలేదు. రెండోసారీ ఆపలేదు. మూడోసారి "అడుగుతన్నాను" అన్నాక ఆపింది. అతని మొహం తెర నిండా ఉంది.

"వద్దు మావా" అంది. "మట్టి ఎవురికి గావాల. ఏదో మాటకన్నాను. నువ్వు పైకి వచ్చీ. వద్దంటే వద్దు." చివరి మాటకి పక్కింటి తలుపు తెరుచుకుంది, అంత గట్టిగా అంది. తర్వాత రిమోటు నా చేతిలో పెట్టి, "నాను ఇక్కడితో ఆపీసినాను. మిగిల్నది సూడను" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళింది.

ఆవిడ వెనక నిలబడి ఏడ్చింది నేను.

18వ వారం, గురువారం

మన పుస్తకంలో ఏడు రోజుల్లోపు చూస్తే ఆ గంటలో చూసినట్టే. ఆ మాట మీదే ఛానెల్ నడుస్తోంది, ఆ మాట మీదే నా ఉద్యోగం నడుస్తోంది. అలాంటప్పుడు పైడమ్మ ఆ గంటలో చూసినట్టే. ఆ గంటలోనే వద్దన్నట్టే. నేను సాక్షిని.

ఈ మాటే సంఘానికి కాయితం రాశాను. తిప్పిన మీట సంగతి కూడా రాశాను, ఏ రోజు నుంచి ఏ రోజు దాకా, అసలు అంకెలతో సహా. నరహరి గారికి చూపిస్తే మొహం తెల్లబోయింది.

"నా పేరు లేదు కదండీ ఇందులో?"

"లేదు. మీరేమీ రాసివ్వలేదుగా."

"మీరు ఆ గంటని మీ చేత్తోనే చంపుతున్నారు. కింద నలభై మంది ఉన్నారండీ."

ఆ మాట నిజం. నలభై మందికీ ఆ ఒక్క గంటే ఉంది. ఒక్కడి కోసం ముప్పై తొమ్మిది మందికి అన్యాయం చేస్తున్నానా అని రోజంతా ఆలోచించాను. అబద్ధపు అంకె చూసుకుని వాళ్ళలో ఇంకెందరు అడుగుతారో, ఇంకెన్ని ఇళ్ళలో ఫోన్ మోగదో అని కూడా ఆలోచించాను. తేలలేదు. కాయితం ఇచ్చేశాను.

19వ వారం, మంగళవారం

సంఘం ఎదుట నిలబెట్టారు. అధ్యక్షురాలు సుభద్ర గారు కాయితం మొత్తం చదివారు. నెమ్మదస్తురాలు, గొంతు పెంచలేదు.

"బుధవారం అన్న మాట ఆదివారానికి చెల్లుతుందంటే, వారం గడిచేదాకా ఏ సంతకమూ ఖాయం కాదమ్మా. పని ఎలా నడుస్తుంది?"

"అయితే బుధవారం చూసినవాళ్ళని ఆదివారం లెక్కలో వేయడం మానండి" అన్నాను. "చూపుకి చెల్లేది మాటకి చెల్లకపోతే ఎలాగండీ? రెండూ చెల్లాలి, లేకపోతే రెండూ చెల్లకూడదు."

నరహరి గారు కూడా ఒక మూల కూర్చుని ఉన్నారు. నేను ఆయన వైపు చూడలేదు.

గంటసేపు లోపల మాట్లాడుకుని వచ్చారు. రెండూ చెల్లవన్నారు. తప్పు అంకె చూపించి పెట్టించిన సంతకం కాబట్టి తవిటినాయుడి సంతకం కొట్టేశారు, దఫా అవగానే పైకి తెస్తారు. ఆ గంటలో చూసిన అసలు లెక్క ఐదు వందలకి ఎప్పుడో తగ్గిపోయింది కాబట్టి ఆదివారం గంట రద్దు. ఇక నుంచి కింద రికార్డు చేసి పంపుతారు, ఏ బ్యాచ్‌కి ఆ బ్యాచ్ సెలవు రోజున వేస్తాం, అందరికీ వీలుగా ఉంటుంది అన్నారు. మూడుసార్లు అడిగే పద్ధతి కూడా ఎత్తేశారు. సంతకానికి ముందు ఇంటికి మనిషిని పంపుతారట. ఈ ముక్క పద్నాలుగేళ్ళ కింద ఎవరికైనా తోచి ఉంటే బాగుండేది.

నన్ను లెక్కల గది నుంచి తీసేశారు. పాత రికార్డులు సర్దే గదిలో వేశారు. ఈ లాగ్ ఎవరూ అడగలేదు, నాతోనే ఉంచుకున్నాను.

21వ వారం, ఆదివారం

తవిటినాయుడు ఇవాళ మధ్యాహ్నం పైకొచ్చాడు. పైడమ్మకి సెలవు దొరకలేదు, ఆదివారం కదా. ఎనిమిదింటికి గానీ వదలరు. అతను రేవు నుంచి తిన్నగా ఐస్ ప్లాంటు గేటు దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడని తెలిసి నేనూ వెళ్ళాను. నాలుగేళ్ళు ఎండ చూడక మనిషి తెల్లగా, సన్నగా ఉన్నాడు. గాలి కాస్త ఎక్కువ పీలుస్తున్నాడు, అయినా బాగానే ఉన్నాడు. నేను ఎవరో చెప్పాను.

"నువ్వేనా అమ్మా" అన్నాడు. పక్కకి జరిగి చోటిచ్చాడు.

ఆరయింది. అతను లేచి నిలబడ్డాడు, ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ కూర్చున్నాడు.

"ఇప్పుడు కింద ఆళ్ళు ఊరికే కూకోనుంటారు" అన్నాడు. "నా మూలాన ఆళ్ళ గంట పోనాది. వచ్చీటప్పుడు ఇద్దరు ముగ్గురు మాటాడ్నేదు నాతోటి."

"నీ మూలాన కాదు. నా మూలాన."

"ఎవురి మూలానైతే ఏటిలే." నేల వైపు చూస్తూ అడిగాడు. "ఆ రోజు నిజింగా ఎంతమంది సూసినారమ్మా?"

"నూట ఎనభై ఏడు ఇళ్ళు."

"తగ్గిపోన్లేదా మరి? నాను అడుగుతన్నానని ఎల్లిపోన్లేదా?"

"లేదు. మొదటి నుంచీ అంతే. ఒక్కరు కూడా మధ్యలో లేవలేదు."

అతను తలూపాడు.

"పైడి బుధవారం సూసినాదంట గదా. సంగపోళ్ళు సెప్పినారు, వద్దన్నాదని. నువ్వు పక్కనున్నావంట."

"ఉన్నాను. నువ్వు మూడోసారి అడగ్గానే ఆపి అంది."

"గట్టిగా అన్నాదా?"

"పక్కింటివాళ్ళు తలుపు తీసి చూశారు."

అతను రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి, నవ్వో ఏడుపో తెలియలేదు. ఎనిమిదింటికి గేటు తీశారు, ఆడవాళ్ళు గుంపుగా బయటికి వస్తున్నారు. పైడమ్మ ఇంకా దూరంగా ఉండగానే అతను లేచి నిలబడి అడగడం మొదలుపెట్టాడు. ఇంటికెళ్దామా అని అడిగాడు, ఆవిడ వినబడేంత దగ్గరికి వచ్చేదాకా అడుగుతూనే ఉన్నాడు.